ఆపరేషన్ అయింది, మళ్ళీ కూతకు ఎప్పుడు వెళ్ళొచ్చు?

ప్రశ్న: మేడమ్, నా వయసు 22. స్కూల్ రోజుల నుంచి కబడ్డీ ఆడుతున్నాను, రైడర్‌ని, అంటే కూతకు వెళ్ళేదాన్ని. యూనివర్సిటీ టీమ్‌కి కూడా ఆడాను. ఛాతీ బరువు వల్ల మెడనొప్పి, భుజాల నొప్పి, చెమటకి కింద ఒరిసి పుండ్లు పడటం, అన్నీ అనుభవించాను. రెండు బ్రాలు ఒకదాని మీద ఒకటి వేసుకుని ఆడేదాన్ని. ఐదు వారాల కిందట బ్రెస్ట్ రిడక్షన్ (రొమ్ముల సైజు తగ్గించే) ఆపరేషన్ చేయించుకున్నాను. ఇప్పుడు నొప్పి దాదాపు లేదు, చాలా హాయిగా ఉంది. ఆరు వారాలయ్యాక అన్నీ చేసుకోవచ్చని డాక్టరు గారు అన్నారు. ఇంకో మూడు వారాల్లో స్టేట్ సెలక్షన్స్ ఉన్నాయి. వెళ్ళొచ్చా? కుడివైపు కింద చిన్న చోట ఇంకా కొంచెం తడిగా ఉంటోంది. ఎడమవైపు లోపల గట్టిగా గడ్డలాంటిది తగులుతోంది. కోచ్ సార్‌కి, టీమ్‌లో వాళ్ళకి అపెండిక్స్ ఆపరేషన్ అని చెప్పాం. ఎవరికీ అసలు సంగతి చెప్పొద్దంటోంది అమ్మ. రేపు పెళ్ళయ్యాక పిల్లలకి పాలుండవేమోనని కూడా ఆవిడ టెన్షన్. టెన్నిస్ ప్లేయర్ సిమోనా హాలెప్ ఇదే ఆపరేషన్ చేయించుకుని నంబర్ వన్ అయిందని చదివి ధైర్యం చేశాను. నేను మళ్ళీ ఆడగలనా?
– ఒక పాఠకురాలు, కృష్ణా జిల్లా

సమాధానం: నా కూతురి ఈడుదానివి, అందుకే నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు. ముందు నువ్వు అడిగినదానికి జవాబు చెప్పేస్తాను. మళ్ళీ ఆడగలవు. మూడు వారాల్లో జరిగే సెలక్షన్స్‌కి మాత్రం వెళ్ళొద్దు. ఒక సీజన్ పోతుంది, ఆ బాధ చిన్నదని నేననను. ఆటగాళ్ళతో రోజూ పనిచేసే ఫిజియోథెరపిస్టుగా ఒక సీజన్ విలువ నాకు బాగానే తెలుసు. తెలిసే వద్దంటున్నాను.

డాక్టరు గారు ‘అన్నీ’ అన్నారని రాశావు. ఆ మాట అన్నప్పుడు ఆయన మనసులో ఏముండి ఉంటుందో ఆలోచించు. ఈ ఆపరేషన్‌కి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆఫీసులకి వెళ్ళేవాళ్ళు, ఇల్లు చూసుకునేవాళ్ళు. వాళ్ళకి ‘అన్నీ’ అంటే స్కూటీ నడపడం, నీళ్ళ బిందె ఎత్తడం, దండెం మీద బట్టలు ఆరేయడం, మహా అయితే జిమ్. నడుం పట్టుకుని ఒకరు, కాళ్ళు పట్టుకుని ఇద్దరు వేలాడుతుంటే బోర్లా పడి, మ్యాట్ మీద ఛాతీతో జారుతూ మిడ్‌లైన్‌కి చెయ్యి చాచడం ఆ లెక్కలో ఉండదు. అది ఆయన తప్పూ కాదు, నీ తప్పూ కాదు. కబడ్డీ ఆడతానని చెప్పి ఉంటావు, కానీ ఆయన చివరిసారి కబడ్డీ చూసింది ఏ స్కూల్ గ్రౌండ్‌లోనో అయ్యుండొచ్చు. ఈసారి వెళ్ళినప్పుడు నీ మ్యాచ్ వీడియో ఒకటి ఫోన్‌లో తీసుకెళ్ళు. పట్టు విడిపించుకుని లైన్ తాకిన రైడ్ ఏదైనా చూపించి, ‘ఇది ఎప్పుడు చెయ్యొచ్చు సార్?’ అని అడుగు. ఆరు వారాలని మాత్రం అనరు.

నొప్పి లేదు కాబట్టి మానిపోయింది అనుకోవడం ఈ ఆపరేషన్ విషయంలో మరీ ప్రమాదం. కోతలో చర్మానికి వెళ్ళే సన్నటి నరాలు తెగుతాయి. కొన్ని చోట్ల నెలల తరబడి మొద్దుబారి ఉంటుంది. అక్కడ ఒరిసినా, పొక్కినా నీకు తెలియదు. అప్పుడప్పుడూ కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది, దురద పుడుతుంది. నరాలు తేరుకునేటప్పుడు అలాగే ఉంటుంది, దానికి భయపడక్కర్లేదు. కానీ మొద్దుబారిన చర్మాన్ని నమ్మకూడదు. ప్రాక్టీస్ మొదలుపెట్టాక రోజూ స్నానానికి ముందు అద్దంలో చూసుకో. రొమ్ము కింద మడత కనబడాలంటే చేత్తో కొంచెం పైకెత్తి చూడాలి, లేదా ఫోన్‌తో ఫొటో తీసి చూసుకుని చెరిపేయాలి. ఎర్రగా చార పడిందా, బ్రా కుట్టు అచ్చు దిగిందా అన్నది చూడు. వేడినీళ్ళ కాపడం మాత్రం ఆ చోట పెట్టనే పెట్టొద్దు. కాలినా తెలియక, బొబ్బలెక్కాక చూసుకున్నవాళ్ళున్నారు.

చర్మం సంగతి లెక్కల్లో చెప్పాలంటే, కోసి కుట్టిన చోట మూడు వారాలకి అసలు బలంలో మూడో వంతు కూడా రాదు. మూడు నెలలకి దాదాపు 80 శాతం వస్తుంది. ఆ తర్వాత ఎన్నాళ్ళు గడిచినా పూర్తిగా నూటికి నూరు రాదు, ఆడటానికి అంత అవసరమూ లేదు. సెలక్షన్స్ నాటికి నువ్వు ఎనిమిదో వారంలో ఉంటావు. పైకి అంతా మామూలుగా కనిపిస్తూ, లోపల పని సగంలో ఉండే సమయం అది. సెలక్షన్స్‌లో నీకు ఎదురుగా నిలబడేవాళ్ళు కూడా తమ చోటు కోసం వచ్చినవాళ్ళే. నీ కోసం ఎవరూ పట్టు సడలించరు.

ఇక ఆ తడి. ఈ ఆపరేషన్‌లో మామూలుగా చనుమొన చుట్టూ ఒక గీత, అక్కడినుంచి కిందికి నిలువుగా ఒకటి, చాలామందికి కింద మడతలో అడ్డంగా ఇంకొకటి ఉంటాయి. నిలువు గీత, అడ్డగీత కలిసే మూల ఉందే, అన్నివైపుల నుంచీ లాగుడు దాని మీదే పడుతుంది. రక్తం అందడం కూడా అక్కడే తక్కువ. పుండు విచ్చుకుంటే ఎక్కువగా అక్కడే. నువ్వు చెప్పిన చోటు అదేనని నా అనుమానం. చాలామందికి డ్రెస్సింగులతోనే మానిపోతుంది, మళ్ళీ కుట్లు వేయాల్సిన పని ఉండదు. అయితే ఐదో వారంలో కూడా తడి ఉందంటే ఒకసారి చూపించుకోవాలి, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకు. అది పూర్తిగా ఆరి, పైన కొత్త చర్మం కట్టేవరకు పరుగు లేదు, చెమట పట్టే పని లేదు, చెరువు లేదు, స్విమ్మింగ్ పూల్ లేదు. పసుపు, కొబ్బరినూనె, పక్కింటి వాళ్ళు తెచ్చిచ్చిన ఆకు పసరు, వీటిలో ఏదీ దాని మీద వేయొద్దని అమ్మకి గట్టిగా చెప్పు.

ఎడమవైపు గడ్డ గురించి భయపడి రాత్రిళ్ళు నిద్ర పాడుచేసుకోకు. కొవ్వులో కొంత భాగానికి రక్తం సరిగా అందక గట్టిపడి అలా తగలడం ఈ ఆపరేషన్ తర్వాత మామూలుగా చూసేదే. నెలల మీద మెత్తబడుతుంది. లోపల నీరు చేరినా గట్టిగానే అనిపించొచ్చు. ఏది అన్నది చేత్తో నొక్కి డాక్టరు గారు చెప్పాలి, అవసరమైతే స్కానింగ్ తీయిస్తారు. నువ్వు నొక్కి పిసికి కరిగించాలని చూడకు. తీసిన కణజాలాన్ని మామూలుగా ల్యాబ్ పరీక్షకి పంపుతారు. ఆ రిపోర్ట్ వచ్చిందో లేదో అడిగి, ఒక కాపీ ఫైల్లో పెట్టుకో. ఇంకో పదేళ్ళకి ఎవరైనా డాక్టరు అక్కడ గడ్డ చూసి ఇది ఎప్పటిది అని అడిగితే ఆ కాగితం పనికొస్తుంది.

హాలెప్ గురించి నువ్వు చదివింది నిజమే. రొమేనియా అమ్మాయి. 2008లో ఫ్రెంచ్ ఓపెన్ జూనియర్స్ గెలిచింది, 2009లో 17 ఏళ్ళప్పుడు ఈ ఆపరేషన్ చేయించుకుంది. బంతికి త్వరగా స్పందించలేకపోతున్నానని, ఆట లేకపోయినా ఆ బరువు తనకి ఇబ్బందేనని దాపరికం లేకుండా చెప్పింది. 2017 అక్టోబర్‌లో నంబర్ వన్ అయింది. 2018లో ఫ్రెంచ్ ఓపెన్, 2019లో వింబుల్డన్ గెలిచింది. ఆ వింబుల్డన్ ఫైనల్లో సెరెనా విలియమ్స్ మీద 6-2, 6-2. 2009కీ 2017కీ మధ్య ఎనిమిదేళ్ళు ఉన్నాయి చూశావా? ఆమె విషయంలో నాకు నచ్చేది ఆ ఎనిమిదేళ్ళే. ఇంకో తేడా కూడా ఉంది. టెన్నిస్‌లో అవతలి మనిషి నెట్‌కి అవతలే ఉంటుంది, వచ్చి మీద పడదు.

సరే, ఇప్పటి నుంచి ఏం చేయాలి అన్నదానికి వద్దాం. నేను చెప్పే వారాలు ఉజ్జాయింపు. పుండు మానడం, డాక్టరు ఒప్పుకోవడం, ఈ రెండూ జరిగితేనే ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి.

ఇప్పుడు, అంటే ఆ తడి ఆరేలోపు, నడక. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చెమట పట్టనంత నడక. ఇంట్లో బరువుల్లేకుండా గుంజీలు, గోడకి ఆనుకుని కుర్చీ వేసినట్టు కూర్చోవడం, మునివేళ్ళ మీద లేవడం, ఒంటికాలి మీద నిలబడి బ్యాలెన్స్. రైడర్‌కి కాళ్ళే పెట్టుబడి, వాటికి ఆపరేషన్ కాలేదు కదా! చేతులకి మాత్రం ఒకటే పని. గోడ ముందు నిలబడి వేళ్ళతో గోడ మీద పాకించుకుంటూ చెయ్యి మెల్లగా పైకి తీసుకెళ్ళడం. లాగినట్టనిపించిన చోట ఆగి, ఊపిరి తీసుకుని దించాలి. ఛాతీ చీలుతుందేమోనన్న భయంతో నెలల పాటు చేతులు ఎత్తకుండా భుజాలు బిగుసుకుపోయిన ఆడపిల్లల్ని చాలామందిని చూశాను. ఆ బిగుతు వదిలించడం పుండు మానడం కంటే కష్టం.

పుండు ఆరి, ఆరేడు వారాలు దాటి, డాక్టరు సరే అన్నాక మెల్లని జాగింగ్. ముందు రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక, అలా. పక్కకి జరిగే అడుగులు, అవతలి కోర్టులోని బోనస్ లైన్ దాకా వెళ్ళి వెనక్కి రావడం, ఇవి ఒంటరిగా చేసుకోవచ్చు. గోడకి చేతులు ఆనించి పుషప్స్. రబ్బర్ బ్యాండ్ కిటికీ ఊచకి కట్టి మోచేతులు వెనక్కి లాగడం. ఈ చివరిది మాత్రం అశ్రద్ధ చేయకు. ఇన్నేళ్ళూ ఛాతీ కనబడకూడదని భుజాలు ముందుకి ముడుచుకుని నడిచి ఉంటావు, జెర్సీ మీద కూడా వదులు టీషర్టు వేసుకుని ఉంటావు. బరువు పోయినా ఆ వంపు వెంటనే పోదు. వీపు కండరాలకి పని చెబితేనే మనిషి నిటారుగా నిలబడుతుంది, చెయ్యి ఇంకో నాలుగు వేళ్ళు దూరం సాగుతుంది. హ్యాండ్ టచ్‌కి ఆ నాలుగు వేళ్ళ విలువ నీకు నేను చెప్పాలా?

ఎనిమిదో వారం నుంచి మూడు నెలలు నిండేదాకా గెంతులు, వేగంగా పరుగులు, టో టచ్ (కాలి మునివేళ్ళతో తాకడం), కిక్ లాంటివి గాలిలో, ఎవరూ ఎదురు లేకుండా. పుషప్స్ గోడ నుంచి బల్లకి, బల్ల నుంచి మోకాళ్ళ మీదికి, ఆ తర్వాత మామూలుగా నేల మీదికి. డుబ్కీ కూడా ఇప్పుడే మళ్ళీ నేర్చుకోవాలి. ఒంగి చెయిన్ (చేతులు పట్టుకుని నిలబడ్డ డిఫెండర్లు) కిందినుంచి దూరేటప్పుడు తొడలకీ ఛాతీకీ మధ్య నువ్వు అలవాటు పడిన జాగా మారింది, ఒళ్ళు తిరిగే వేగమూ మారింది. కొన్నాళ్ళు అడుగు తప్పినట్టుంటుంది. ఆట మర్చిపోయానేమోనని కంగారుపడకు.

మూడు నెలలు దాటాకే పడటం, పట్టు. అది కూడా ఒక్కసారిగా కాదు. మొదట మెత్తటి మ్యాట్ మీద పక్కకి దొర్లడం. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని ముందుకి పడి అరచేతుల మీద ఆపుకోవడం. అది బాగుంటే కొంచెం జారడం. ఆ తర్వాత నువ్వు నమ్మే ఒక్క డిఫెండర్‌ని పెట్టుకో, ఆమె మడమ మాత్రమే పట్టాలి. కొన్ని రోజులకి నడుం పట్టు. తర్వాత ఇద్దరు. చివర్లోనే చెయిన్, ఛాతీకి ఎదురుగా వచ్చి కొట్టే డాష్. ఇంత మెల్లగా ఎందుకంటున్నానంటే, ఈ ఆపరేషన్ తర్వాత మొదటి ఎదురుదెబ్బకి చేతులు వాటంతట అవే ఛాతీకి అడ్డంగా వచ్చేస్తాయి. అలా ముడుచుకుని పడితే మణికట్టు విరుగుతుంది, లేదా భుజం జారుతుంది. ఛాతీ బాగానే ఉంటుంది, మనిషి మాత్రం మళ్ళీ ఆరు వారాలు పక్కన కూర్చోవాలి. ఆ చేతులు తిరిగి ముందుకి చాచడం నేర్చుకునే దాకా నువ్వు మ్యాచ్‌కి సిద్ధం కానట్టే. నా అంచనాలో అన్నీ కలిసొస్తే నాలుగో నెల చివరికి 15 నిమిషాల హాఫ్ ఒకటి ఆడి చూడొచ్చు.

ఏ మెట్టు దగ్గరైనా, ఈ రోజు చేసింది ఎక్కువైందా అన్నది ఈ రోజు తెలియదు, రేపు పొద్దున తెలుస్తుంది. లేవగానే ఒకవైపు బరువుగా, వాపుగా ఉన్నా, నిన్న లేని సలుపు ఉన్నా ఒక మెట్టు వెనక్కి వెళ్ళి నాలుగు రోజులు అక్కడే ఉండు. ఉన్నట్టుండి ఒక రొమ్ము ఉబ్బి బిగుసుకుపోయినా, ఎర్రబడి వేడిగా అనిపించినా, జ్వరం వచ్చినా, దుర్వాసనతో చీము కారినా, కుట్టు విచ్చుకున్నా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పిక్కలో వాపు, నొప్పి వచ్చినా, ఊపిరి ఆడకపోయినా అర్ధరాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్ళు.

బ్రా సంగతి. ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన బ్రా వాళ్ళు వద్దనేదాకా వేసుకో. వాపు పూర్తిగా దిగడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది, సైజు అప్పటిదాకా నిలకడగా ఉండదు. కాబట్టి ఇప్పుడే ఖరీదైనవి నాలుగు కొనేయకు. జాగింగ్‌కి ఒక్క మంచి స్పోర్ట్స్ బ్రా చాలు. ముందువైపు జిప్ గానీ హుక్స్ గానీ ఉన్నదైతే చేతులు పైకెత్తి ఈడ్చుకోనక్కర్లేదు. లోపల వైర్ ఉండకూడదు. కింది పట్టీ సరిగ్గా మచ్చ మీద కూర్చోకూడదు, మచ్చకి కొంచెం కింద, పక్కటెముకల మీద పడాలి. బలమంతా ఆ పట్టీలోనే ఉంటుంది, భుజం పట్టీల్లో కాదు. కింద రెండు వేళ్ళు దూరాలి, మూడు దూరితే వదులు. పాత పద్ధతిలో రెండు బ్రాలు ఒకదాని మీద ఒకటి వేయడం ఇక మానెయ్. అవి మచ్చని ఒత్తుతాయి, పైగా నీ ఊపిరిని పట్టేస్తాయి. కొనేముందు ట్రయల్ రూమ్‌లో ఒక పరీక్ష చెయ్. వేసుకుని గెంతి చూడు, తర్వాత 30 సెకన్లు కూత పట్టు, మెల్లగా అయినా సరే. ఊపిరి మధ్యలో తెగితే ఆ సైజు వద్దు. బయట సేల్స్ అమ్మాయి విని నవ్వితే నవ్వనీ.

మచ్చలకి, పుండు పూర్తిగా మూసుకున్నాక సిలికాన్ జెల్ గానీ, సిలికాన్ షీట్లు గానీ వాడమంటారు, నెలల తరబడి వాడాలి. మన చర్మాలకి మచ్చ ఉబ్బి, దురద పెట్టి, గట్టిపడే గుణం ఎక్కువ. అలా మొదలైతే వెంటనే చూపించు, ఇంజెక్షన్లతో తగ్గించవచ్చు. ముదిరాక తగ్గించడం కష్టం. మచ్చ రంగు తేలి మెత్తబడటానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది.

అపెండిక్స్ కథ దగ్గరికి వద్దాం. నీ ఒంటి సంగతి ఎవరికి చెప్పాలన్నది నీ ఇష్టం, ఇందులో అమ్మని కూడా తప్పుపట్టను. కానీ ఈ అబద్ధంతో ఒక చిక్కుంది. అపెండిక్స్ అంటే సార్ నీ పొట్టని కాపాడతారు, చేతుల్ని కాదు. ‘పొట్టకి ఒత్తిడి పెట్టకు, పక్కకి వెళ్ళి పుషప్స్ చేసుకో’ అంటారు. నువ్వు కాదనలేవు. ఆయన నీ మేలు కోరి చెప్పిందే నీకు కీడవుతుంది. పూర్తి నిజం చెప్పనక్కర్లేదు, పనికొచ్చేంత నిజం చెప్పు. ‘సార్, నాది పొట్ట ఆపరేషన్ కాదు, ఛాతీ దగ్గర చిన్న ఆపరేషన్ అయింది. మూడు నెలలు ఛాతీ మీద పడకూడదు, చేతుల మీద బరువు డాక్టరు చెప్పినంతే వేయాలి’ అంటే చాలు. ఇంకా అడిగితే ‘ఆడవాళ్ళ సమస్య సార్’ అను, మన కోచ్‌లలో నూటికి తొంభై మంది అక్కడితో ఆపేస్తారు. డాక్టరు గారిని ఒక సర్టిఫికెట్ అడుగు: ఆపరేషన్ అయిందని, ఫలానా తేదీ వరకు పట్టు, పడటం ఉన్న ఆట వద్దని, ఏ భాగం అన్నది రాయకుండా ఇమ్మను. ఇస్తారు. సెలక్షన్స్‌కి రాలేకపోవడానికి కూడా అదే కాగితం కారణంగా చూపించు. మానేసింది అనే పేరు రాకుండా ఉంటుంది. టీమ్‌లో ఒక్కరికైనా, నీకు మడమ పట్టు ప్రాక్టీస్ చేయించబోయే ఆ అమ్మాయికైనా, మొత్తం చెప్పుకుంటే మంచిది. బహుశా ఆమె కూడా రెండు బ్రాలు వేసుకుని ఆడుతున్నదే అయ్యుంటుంది.

పాల విషయంలో అమ్మ భయం ఉత్తదని చెప్పి తోసేయలేను. ఈ ఆపరేషన్‌లో ఎక్కువ పద్ధతుల్లో చనుమొనని కింది కణజాలంతో కలిపే ఉంచి పైకి జరుపుతారు, కాబట్టి కొన్ని పాలనాళాలు మిగులుతాయి. కొందరు తల్లులు పూర్తిగా పాలిస్తారు, కొందరికి సరిపోక పోతపాలు కూడా కలపాల్సి వస్తుంది, కొందరికి అసలు రావు. నువ్వు ఏ కోవలోకి వస్తావో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. నీకు ఏ పద్ధతిలో చేశారో డిశ్చార్జి కాగితంలో రాయించుకుని దాచుకో, రేపు కడుపుతో ఉన్నప్పుడు మీ డాక్టరమ్మకి చూపించొచ్చు. కాన్పు వల్ల, బరువు పెరగడం వల్ల సైజు మళ్ళీ కొంత మారుతుందని కూడా తెలుసుకుని ఉండు.

ఇంకొకటి. ఉత్తరంలో నువ్వు రాయలేదు కానీ మన ఇళ్ళ సంగతి తెలుసు కనక అడుగుతున్నాను. అమ్మ నిన్ను పథ్యంలో ఉంచిందా? పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడని, చేప, వంకాయ వద్దని, చారన్నం, కారప్పొడితో సరిపెట్టేస్తోందా? అలాగైతే ఆ తడి ఆరకపోవడానికి అది కూడా ఒక కారణం కావొచ్చు. కొత్త చర్మం కట్టడానికి మాంసకృత్తులు కావాలి. పప్పుతో చీము పట్టదు, చీము పట్టించేది సూక్ష్మజీవులు. రోజూ రెండు గుడ్లు, కందిపప్పో పెసరపప్పో గట్టిగా, తింటే చేప, చికెన్, లేదంటే పెరుగు, వేరుశెనగలు, సెనగలు. జామకాయ, నిమ్మకాయ, ఉసిరి ఏది దొరికితే అది. ఆపరేషన్‌లో కొంత రక్తం పోయి ఉంటుంది, హిమోగ్లోబిన్ చూపించుకో. తక్కువుంటే ఐరన్ మాత్రలు రాస్తారు, అన్నం తిన్న వెంటనే టీ తాగడం ఆపెయ్, టీ ఆ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. పప్పు సంగతి నీ మాటగా చెబితే అమ్మ వినకపోవచ్చు. ఈ పేజీ చూపించి, ఈ రాత్రికే వడ్డించమను.